బిరడా లేని పడవ

రేవులో ఆమెను అందరూ ఎదురుగాలి అనేవారు. ఆ పేరు ఎవరు పెట్టారో ఇప్పుడు చెప్పగలవారు లేరు గానీ, పెట్టినవారెవరో మనిషిని బాగా చదివే పెట్టారు. కూర్చోమంటే నిలబడే బాగుందనేది. పోనీ నిలబడమంటే పీట కోసం వెతికేది. మొదట్లో ఆ మాట ఆమె వీపు వెనక మాత్రమే వినిపించేది. కొంతకాలానికి ధైర్యం చిక్కినవారు ముఖం మీదే అనసాగారు. ఒకనాడు ఆమె రంగులు వేసే మనిషిని పిలిపించి, తన పడవ పక్కచెక్క మీద ఆ మాటనే నల్లరంగుతో, గుండ్రని అక్షరాలతో రాయించుకుంది. అది మొదలు దాన్ని వెక్కిరింతగా వాడటానికి ఎవరికీ నోరు పెగల్లేదు. తిట్టును బిరుదుగా మార్చుకోవడం చాలామందికి జీవితకాలంలో చేతకాదు. ఆమెకు ఒక చిన్న డబ్బా రంగుతో అయిపోయింది.

పడవ తండ్రిది. జడ అల్లుకోవడం రాకముందే ఆమెకు తెడ్డు వేయడం వచ్చింది. తండ్రి ఎడమవైపు, కూతురు కుడివైపు. ఇద్దరి తెడ్లూ ఒకే మనిషి చేతుల్లా లేచి పడేవని చూసినవారు చెబుతారు. తెడ్డు వేసేవారి తీరు ఒకటుంది. ఆలోచిస్తే కొంచెం దిగులుగా ఉంటుంది: వెళ్లే చోటికి వీపు పెట్టి, విడిచివచ్చే చోటును చూస్తూ కూర్చోవాలి. ఒడ్డు చిన్నదవుతూ ఉండటం వారికే కనిపిస్తుంది. ఆ తండ్రీకూతుళ్లు అలా ఒడ్డును చూస్తూ ఎన్ని ఏళ్లు గడిపారో, ఆ ఏళ్లలో ఎంత తక్కువ మాట్లాడుకున్నారో ఇద్దరికే తెలుసు. సంబంధం మాట్లాడటానికి వచ్చిన ప్రతివారినీ ఆమె ఒకే ప్రశ్న అడిగేది: "పడవ కూడా నాతో రావచ్చా?" ఒకడు నవ్వాడు. ఒకడు తల్లి వైపు చూశాడు. ఇంకొకడు ఆలోచించి చెబుతానని వెళ్లినవాడు, ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉన్నాడు. ఆ తరువాత ఎవరూ రాలేదు. ఆమె కూడా ఎవరి కోసమూ ఎదురు చూడలేదు.

తమ్ముడొకడున్నాడు. చెడ్డవాడేమీ కాదు. పెద్ద మోటారు పడవల మీద పనిచేసి, చివరికి తన సొంతానికి ఒకటి కొనుక్కున్నాడు. తెడ్లతో నడిచే పడవ మీద అతనికి మనసు లేదు. అందుకే తండ్రి పోయేముందు నలుగురినీ కూర్చోబెట్టి, పడవ కూతురిదని చెప్పి కన్నుమూశాడు. అది ఎండలు ముదరకముందు మాట. ఎండలు ముదిరాయి, తగ్గాయి, ముసురు పట్టింది. అప్పుడు మొదలైంది అసలు చిక్కు.

ఆ రేవులో పడవను నీటిలోకి జార్చే సిమెంటు వాలు ఒకటే ఉంది. దాని పక్కన నిలుపుకోవడానికి చోటున్న పడవలు కొన్నే. తక్కినవన్నీ అవతల బురదవైపు ఉండాలి. వాలు పక్క చోటుకు ఒక కట్టుబాటు ఉంది. ముసురుకాలం ముగిసేలోగా, పడవ గలవారు ఒక్కసారైనా ఆ వానలో, ఆ గాలిలో బయటి సముద్రానికి వెళ్లి, తమ చేత్తో పట్టిన చేపను రేవు మధ్యనున్న నల్లబండ మీద వేయాలి. వేయనివారి చోటు మరొకరికి పోతుంది. వినడానికి కఠినంగా ఉన్నా అర్థమున్న కట్టుబాటే. ముసురులో ఎవరైనా చిక్కుకుంటే ముందుగా బయలుదేరవలసింది వాలు పక్కనున్న పడవలే. ముసురులో వెళ్లలేనివారి చేతిలో ఆ చోటుండి ఎవరికి లాభం? ఎదురుగాలి దేనితోనైనా పోట్లాడింది గానీ, ఆ కట్టుబాటుతో ఎన్నడూ పోట్లాడలేదు.

అయితే ఆమెది ఇద్దరు నడిపే పడవ. అలలు లేచే సముద్రం మీద ఒకరు తెడ్లు పట్టి పడవను అలకు ఎదురుగా నిలిపితేనే మరొకరు గాలం వేయగలరు. తండ్రి లేడు. జతకు రమ్మని రేవులో ఒక్కొక్కరినే అడిగింది. ఒకరికి నడుము పట్టేసింది. ఒకరికి అత్తగారికి బాగోలేదు. మరొకరు, వానలో బాగా కనిపించదని, కళ్లజోడు రానివ్వమన్నారు; ఆ కళ్లజోడు ముసురుకాలం పొడవునా వస్తూనే ఉంది. తమ్ముడు కొన్న మోటారు పడవకు వాలు పక్క చోటు కావాలని అందరికీ తెలుసు. తమ్ముడు నోరు తెరిచి ఎవరినీ వద్దనలేదు. అనవలసిన అవసరం కలగలేదు. చోటు పోతే ఆమె బురదవైపు వెళ్లాలి. ఆ బురదలో పడవను ఒంటరిగా నెట్టడం మగవాడి వల్ల కూడా కాదు. అంటే చోటుతోపాటు సముద్రమూ పోతుందన్నమాట. ఈ సంగతి ఆమె ఎవరితోనూ అనలేదు.

ముసురుకాలపు చివరిరోజు రానే వచ్చింది. తెల్లవారేసరికి వాన ఏటవాలుగా పడుతోంది. ఆమె ఉండేది రేవు వెనక సందులో ఒంటిగది. గోడనిండా మేకులు, మేకులనిండా గాలపుతాళ్లు, సీసపు గుండ్లు, తండ్రి వానకోటు, తాడు చుట్టిన చెక్కలు. నేల మీద కూర్చుని ఆమె చేపముక్కలను ఎరకోసం సన్నగా చీలుస్తుండగా, తలుపు తోసుకుని మరదలు వచ్చింది. తమ్ముడి భార్య. కుట్టుదుకాణంలో మిషను మీద పనిచేస్తుంది. చేతిలో గొడుగు తిరగబడి పువ్వులా విచ్చుకుని ఉంది.

"వదినా, ఉన్నావా?"

"లేను. సముద్రం మీదున్నాను."

"మరి ఇక్కడ చేప కోస్తోందెవరు?"

"నా నీడ. ఏం పని మీద వచ్చావు?"

"మీ తమ్ముడు పంపించాడు." మరదలు గొడుగును సరిచేయబోయి, దాని ఊచ ఒకటి విరిగి చేతికి రావడంతో మూలన పడేసింది. "ఆయన చెప్పమన్నది ముందు చెప్పనా, నేను చెప్పాలనుకున్నది ముందు చెప్పనా?"

"వాడిదే కానీ. చేదు ముందు మింగేస్తా."

"అక్కని ఈ గాలిలో పడవ దించొద్దను. చోటు ఎవరికో పోతే బాధగానీ, తమ్ముడికే కదా వచ్చేది. మనింట్లో వెనక గది ఖాళీగానే ఉంది. కాలు మీద కాలేసుకుని కూర్చోమను. ఇదీ ఆయన మాట."

"కాలు మీద కాలేసుకుంటే నాకు తిమ్మిరెక్కుతుందని చెప్పు. ఇక నీ మాట?"

మరదలు గది చుట్టూ చూసింది. "రెండో తెడ్డెక్కడుంది?"

ఎదురుగాలి చేతిలోని కత్తి ఆగింది. "నీకు తెడ్డు వేయడం వచ్చా?"

"రాదు."

"ఈత?"

"పడవలో పోవడానికి ఈతెందుకు? పడవే ఈదుతుందిగా."

"మీ ఆయన నన్ను చంపేస్తాడు."

"ముందు నన్ను చంపుతాడులే, నీ వంతు వచ్చేసరికి ఆలస్యమవుతుంది. చూడు వదినా, పెళ్లయిన కొత్తలో నన్నొకసారి సముద్రం మీదికి తీసుకెళ్లమన్నా. ఈ వానాకాలం పోనీ అన్నాడు. అప్పట్నుంచి ఎన్ని వానాకాలాలు పోయాయో నువ్వే చెప్పు. పోవడం అయిపోలేదు వాటికి. ఇంతకీ నువ్వు తీసుకెళ్తావా, నన్ను మళ్లీ ఆ విరిగిన గొడుగుతో ఇంటికి పంపుతావా?"

రేవులోని మగవారందరూ ముసురుకాలం పొడవునా నమిలిన నీళ్లు ఈ సూదిపని చేసుకునే పిల్ల ఒక్క మాటలో ఉమ్మేసింది. ఆమె లేచి, మేకు మీదినుంచి మనిషిని నీటిలో మునగనివ్వకుండా ఉంచే తండ్రి తేలుడుచొక్కా తీసి మరదలి మెడలో వేసింది. అది మోకాళ్ల దాకా వచ్చింది.

"బస్తాలో వేసినట్టున్నాను."

"మాట్లాడకు. బస్తాలు మాట్లాడవు."

రేవు అంచున రేకుల షెడ్డు ఒకటుంది. వానరోజుల్లో సముద్రం మీదికి వెళ్లనివారంతా అక్కడ టీ గ్లాసులు పట్టుకుని, వెళ్లేవారికి సలహాలు ఇస్తూ ఉంటారు. లోకంలో ప్రతి కష్టమైన పని పక్కనా ఇటువంటి షెడ్డు ఒకటి ఉంటుంది. పని ఎంత కష్టమైతే షెడ్డు అంత నిండుగా ఉంటుంది. ఆనాడు షెడ్డులో నిలబడటానికి చోటు లేదు. ముందు వరుసలో తమ్ముడూ, రేవు సంఘానికి పెద్ద అయిన గొడుగు తాతా ఉన్నారు. ఎండలోనూ గొడుగు వదలని మనిషి కాబట్టి ఆయనకా పేరు. ఆనాడు మాత్రం ఆ గొడుగుకు న్యాయం జరుగుతోంది.

తెడ్లు భుజాన వేసుకుని వస్తున్న ఇద్దరినీ చూసి తమ్ముడు వానలోకి వచ్చాడు.

"ఏమే, నిన్ను ఏం చేసి రమ్మన్నాను?"

"అక్కని ఒప్పించమన్నావు. ఒప్పించాను."

"దేనికి?"

"నన్ను తీసుకెళ్లడానికి."

షెడ్డులో ఎవరో నవ్వి, టీ పొలమారి దగ్గారు. తమ్ముడు అక్క వైపు తిరిగాడు. "అక్కా, ఇది ఆటా? దానికి సముద్రమంటే ఏం తెలుసు?"

"తెలియదు కాబట్టే వస్తోంది. తెలిసినవాళ్లంతా షెడ్డులో ఉన్నారుగా." ఎదురుగాలి అతన్ని దాటి వెళ్లి పడవ తాడు విప్పింది. "పక్కకి తప్పుకోరా, కాలు నలుగుతుంది."

ఆ కోపంలో, ఆ తొందరలో, నలుగురి కళ్లూ తమ మీద ఉన్నాయన్న బింకంలో పడవ వాలు మీదినుంచి జారి నీటిలో పడింది.

రేవుకు అడ్డంగా కట్టిన రాతిగోడ లోపల నీరు గునుస్తున్నా మాట వినేది. మరదలు తెడ్డు ఒకసారి గాల్లో తిప్పేది, ఒకసారి మరీ లోతుగా ముంచేది. మూడోసారి అది వదిన మోకాలికి తగిలింది.

"తెడ్డు నీళ్లలో వెయ్యాలి పిల్లా, నా మీద కాదు."

"నువ్వు నీళ్లకన్నా దగ్గరగా ఉన్నావు మరి."

రాతిగోడ దాటిన తరువాత మాటలు తగ్గాయి. వాన ఒక్కటే అయినా దానికి చోటును బట్టి స్వభావం మారుతుంది. సందులో పడే వాన చూరును, బకెట్టును, రేకును మోగిస్తుంది. మనుషుల మధ్య పడుతున్నానన్న తెలివి దానికి ఉంటుంది. సముద్రం మీది వానకు అటువంటి మొహమాటం లేదు. అది కింద పడదు, అడ్డంగా వచ్చి తగులుతుంది. అలలు బూడిదరంగు గోడల్లా లేచి, పడవ ముందుకొసను ఎత్తి, వదిలేస్తున్నాయి. వదిలిన ప్రతిసారీ మరదలు కళ్లు మూసుకుంటోంది. కానీ తెడ్డు మాత్రం వదల్లేదు. ఎదురుగాలి అది గమనించింది. మెచ్చుకోలేదు, మెచ్చుకుంటే అవతలివారు పని ఆపి చూస్తారని ఆమె తండ్రి నుంచి నేర్చుకుంది.

మునిగిన రాళ్లగుట్ట మీదికి చేరితే చేప ఉంటుంది. ఇంకా కొంతదూరం ఉందనగా, పడవ బరువుగా కదులుతోందని ఆమెకు తోచింది. అడుగుచెక్కల మీద నీరు తేలింది. వానా, తుంపరా కలిసి చేరిన నీరే అనుకుని మరదలి తెడ్డు కూడా తానే అందుకుని, ఆమెకు డబ్బా ఇచ్చి తోడమంది. మరదలు తోడింది. నీరు తగ్గలేదు. మళ్లీ తోడింది.

"ఎంత వాన పడుతోందో," అంది ఎదురుగాలి.

"పడితే పడనీ వదినా. ఒక్కటి మాత్రం బాగుంది. పైనంతా వణుకుతున్నా పాదాలకి వెచ్చగా ఉంది."

ఎదురుగాలి తెడ్లు ఎత్తి పట్టుకుంది. "ఏమన్నావు?"

"పాదాలకి వెచ్చగా ఉందన్నా."

వాననీరు చల్లన. ఆ కాలంలో సముద్రపు నీరే వెచ్చన. పాదాల దగ్గర నిలిచిన నీరు పైనుంచి వచ్చినది కాదు.

ఒడ్డున నిలిపిన పడవకు వానాకాలంలో అడుగునున్న బిరడా తీసి ఉంచుతారు. వెనకకొస దగ్గర, అడుగుచెక్కల కింద, బొటనవేలు పట్టేంత రంధ్రం అది. అది తెరిచి ఉంటేనే పడిన వాన పడినట్టు కారిపోతుంది. లేకపోతే నీరు నిలిచి చెక్క చివుకుతుంది. నీటిలోకి జార్చేముందు బిరడా బిగించడం రేవులో ప్రతివారికీ ఊపిరి పీల్చడంలాంటి పని. ఆమెకు తప్ప. ఎందుకంటే ఆమె పడవ ఎక్కిన నాటినుంచీ ఆ పని తండ్రిది. ఆమె తెడ్లు కొక్కేలకు తగిలించే సమయంలో ఆయన వెనకకు వెళ్లి, వంగి, పిడికిలితో రెండు దెబ్బలు వేసేవాడు. ఆ చప్పుడు వినడం ఆమె పని, వేయడం కాదు. ఎండలు కాసినన్నాళ్లూ బిరడా తీయవలసిన అవసరమే రాలేదు. ముసురు పట్టాక తీసి ఇంట్లో మేకుకు తగిలించింది ఆమే. ఈ ఉదయం తెడ్లు తగిలించి, అలవాటైన ఆ చప్పుడు కోసం ఆగకుండా, షెడ్డువారి చూపులకు వీపు చూపించి బయలుదేరింది. తండ్రి పోయిన సంగతి ఆమె మనసుకు ఏనాడో తెలిసింది. చేతులకు మాత్రం ఇప్పుడే తెలిసింది.

"వెనకకి జరుగు. ఆ చెక్క ఎత్తు," అంది. గొంతులో ఎటువంటి మార్పూ లేకుండా అనగలిగినందుకు తనకే ఆశ్చర్యం కలిగింది.

మరదలు చెక్క ఎత్తింది. అడుగున నీరు ఊటలా ఉబుకుతోంది. "వదినా, ఇక్కడో బొక్క ఉంది."

"ఉంది. బిరడా ఇంట్లో ఉంది."

"ఇంట్లోనా? దానికి ఇంట్లో ఏం పని?"

"తలగుడ్డ తియ్యి. ఉండలా చుట్టి దాంట్లో కుక్కు. గట్టిగా."

మరదలు తలగుడ్డ చుట్టి కుక్కింది. చేయి తీయగానే నీరు దాన్ని వెనక్కి తోసింది. మళ్లీ కుక్కి, ఈసారి దాని మీద మడమ పెట్టి, ఒంటి బరువంతా వేసి కూర్చుంది. ఉబకడం ఆగింది, చెమ్మ మాత్రం ఆగలేదు.

"ఇలా ఉంటే సరేనా?"

"సరే. కదలకు. వెనక్కి తిప్పుతున్నాను."

"ఎందుకు?"

"ఎందుకంటావేమే? అడుగున బొక్కతో సముద్రం మీదున్నాం. నిన్ను మీ ఆయనకి అప్పజెప్పాలి."

"నేనేమన్నా అరువు తెచ్చిన గిన్నెనా అప్పజెప్పడానికి?" మరదలి పెదవులు నీలంగా ఉన్నాయి, మాట మాత్రం ఎర్రగా ఉంది. "ఇప్పుడు వెనక్కిపోతే ఏమవుతుంది? షెడ్డంతా లేచి నిలబడి, పాపం ఆడవాళ్లు, బిరడా కూడా మర్చిపోయారు అంటుంది. చోటు పోతుంది. నువ్వు మా వెనకగదిలోకి వస్తావు. పొద్దస్తమానం నా వంటకి వంకలు పెడతావు. ఆ బతుకు నేను బతకలేను వదినా. పోనివ్వు ముందుకి."

"వంకలు పెట్టకుండా తింటాలే."

"పెట్టకుండా తింటే ఇంకా భయం. అప్పుడు నువ్వు నువ్వు కాదు."

ఎదురుగాలి ఒక్కసారి భుజం మీదుగా వెనక్కి, అంటే పడవ వెళ్లవలసిన వైపుకు, తిరిగి చూసింది. రాళ్లగుట్ట మీద అల విరిగి తెల్లగా నురుగు లేస్తోంది. చెమ్మ నిదానంగానే వస్తోంది, తోడితే సరిపోతుంది. ఆమె పళ్లు బిగించి తెడ్లు వేసింది.

గుట్ట మీదికి చేరాక కొత్త చిక్కు ఎదురైంది. ముందు అనుకున్న ప్రకారం మరదలు తెడ్లు పట్టి పడవను నిలిపితే వదిన గాలం వేయాలి. ఇప్పుడు మరదలు మడమ తీస్తే పడవ నిండుతుంది. చోట్లు మార్చుకుందామా అంటే, ఆ అలల్లో పడవను ఎదురుగా నిలపడం మరదలి వల్ల కాదు. ఒక్క అల పక్కవాటుగా తగిలితే ఇద్దరూ నీళ్లలో ఉంటారు. రాళ్ల మీద లంగరు పట్టదు. ఎదురుగాలి రెండు చేతులూ తెడ్లకే అంకితమైపోయాయి.

"గాలం నువ్వే వెయ్యి," అంది చివరికి.

"నేనా?"

"ఎర గుచ్చి వదులు. గుండు నేలకి తగిలాక రెండు మూరలు పైకి లాగి పట్టుకో. వేలి మీదుగా పోనియ్యి. దారమే అనుకో."

దారం అనగానే మరదలి చేతులకు స్థిమితం వచ్చింది. రోజంతా మిషను మీద దారం బిగువును వేళ్లతో చూసుకునే మనిషి. ఒక చేత్తో డబ్బా, మరో చేతిలో తాడు, మడమ కింద సముద్రం. చాలాసేపు ఏమీ జరగలేదు. ఎదురుగాలి భుజాలు మండుతున్నాయి. వాన కంట్లోంచి నోట్లోకి కారుతోంది.

"వదినా, లాగుతోంది."

"రాయికి తగులుకుని ఉంటుంది."

"రాయైతే లాగి, వదిలి, మళ్లీ లాగుతుందా?"

"అయితే చేప. మడమ తీయకుండా లాగు."

"ఎలా?"

"కూర్చునే లాగు. తాడు వదిలితే నీతో మాట్లాడను."

మరదలు లాగింది. తాడు వేళ్లను కోసింది. ఆమె పళ్లతో పట్టి, చేయి మార్చి, మళ్లీ లాగింది. పెద్ద నోరూ, ముళ్ల రెక్కలూ ఉన్న రాతిచేప ఒకటి పడవ అంచు మీదుగా దభీమని లోపల పడి ఎగరసాగింది.

"దాని మీద కూర్చో," అంది ఎదురుగాలి.

"మడమ బొక్క మీద, నేను చేప మీద. మిగిలిన నన్నెక్కడ పెట్టుకోను?"

అలల మధ్య, రెండు తెడ్లు పట్టుకుని, ఎదురుగాలి ఆ ముసురుకాలంలో మొదటిసారి నవ్వింది. మరో చేప కోసం ఆగడానికి భుజాలు ఒప్పుకోలేదు. పడవ తిప్పింది.

వాలు చేరేసరికి షెడ్డు ఖాళీ అయి, అందరూ నీటి అంచున ఉన్నారు. తమ్ముడు మోకాళ్ల లోతున దిగి పడవను పట్టుకున్నాడు. భార్య మడమ తీయగానే నీరు ఉబకడం చూసి అతని ముఖంలో రంగు మారింది. మరదలు చేపను చంకలో బిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని కుంటుతూ వెళ్లి, బండ దగ్గర వదినకు అందించింది. ఎదురుగాలి దాన్ని బండ మీద వేసింది.

గొడుగు తాత వంగి చూశాడు. ఎవరు వేసినా ఆయన అడిగే మాట ఒకటే. అడిగాడు. "ఎవరి చేతిది అమ్మాయ్?"

తనదంటే సరిపోయేది. చూసినవారు లేరు. మరదలు పక్కనుంచి కళ్లతో, కనుబొమలతో, చివరికి మోచేతితో కూడా అదే చెబుతోంది. ఎదురుగాలి ఆ మోచేతి కొసనున్న చేయి చూసింది. వేళ్ల మీద తాడు కోసిన ఎర్రని చారలు. మొదటి చేప మనిషికి ఒక్కసారే పడుతుంది. దాన్ని లాక్కుని నిలుపుకునే చోటులో పడవ నిలిపితే, రోజూ ఆ పడవ ఎక్కేటప్పుడు తల వంచుకోవాలి. తల వంచే అలవాటు ఆమెకు లేదు.

"నా మరదలి చేతిది," అంది.

జనంలో ఒక నిట్టూర్పు అటూ ఇటూ తిరిగింది. తాత గొడుగు చేతులు మార్చుకున్నాడు. "అయితే లెక్కలోకి రాదమ్మా. పడవ నీది, చేయి ఆమెది."

"నాకు తెలుసు తాతా."

"అక్కా," అన్నాడు తమ్ముడు మెల్లగా, "ఇంక చాలు. నిన్నెవరూ వేలెత్తి చూపరు. ఇంటికి పద."

"పొద్దు గుంకడానికి ఇంకా వ్యవధి ఉందా తాతా?"

"ఉంది," అన్నాడు తాత, ప్రశ్న ఎటు పోతుందో అర్థంకాక.

"అయితే బండ కడిగేయకండి."

ఆమె పడవ వైపు నడిచింది. మరదలు అప్పటికే సందులోకి పరుగు తీసింది. బిరడా పట్టుకుని రొప్పుతూ వచ్చింది. ఎదురుగాలి పడవను వాలు మీదికి లాగి, ఒక పక్కకు వంచి నీరంతా వంపేసింది. ఆ తరువాత వెనకకు వెళ్లి, వంగి, బిరడా రంధ్రంలో పెట్టి పిడికిలితో కొట్టింది. దెబ్బ బలంగానే పడింది. ఆమె ఒక క్షణం వంగినట్టే ఉండిపోయింది.

మరదలు మళ్లీ పడవలో కాలు పెట్టబోతే తమ్ముడు చేయి పట్టుకున్నాడు. "నువ్వు దిగు. తెడ్డుకి నేనొస్తా."

"నువ్వొస్తే, చేప పట్టింది కూడా నువ్వేనంటారు," అంది భార్య. "మేం తిరిగొచ్చేదాకా షెడ్డులో టీ తాగు. అలవాటేగా."

అతను చేయి వదల్లేదు. ఆమె మెడలోని తేలుడుచొక్కా వైపు చూశాడు. "ఈ ముడి ఇలా కాదు వేయడం," అన్నాడు. పెద్ద చొక్కాను దగ్గరకు లాగి, నడుముకు తాడు రెండు చుట్లు చుట్టి, బిగించి ముడి వేశాడు. ఆ తరువాత దూరంగా జరిగాడు.

పడవ రెండోసారి జారింది. ఈసారి షెడ్డులోకి ఎవరూ తిరిగి వెళ్లలేదు. వానలో నిలబడి గుసగుసలాడుకున్నారు. నడుము పట్టేసినాయన ఏదో అన్నాడు. కళ్లజోడు రానివాడు తల ఊపాడు. గొడుగు తాత వాలు చివరికంటా వచ్చి, అరచేయి నోటికి అడ్డం పెట్టుకుని కేకేశాడు.

"అమ్మాయ్, వెనక్కి రండి. చోటు నీదే. అందరం ఒప్పుకున్నాం."

మరదలు తెడ్డు ఆపింది. ఆమె తెడ్డు ఇప్పుడు నీటిలో పడటం కొంచెం కొంచెంగా నేర్చుకుంటోంది. "వదినా, తాత పిలుస్తున్నాడు."

"ఏమంటున్నాడు?"

"చోటు నీదేనట. అందరూ ఒప్పుకున్నారట. వెనక్కి రమ్మంటున్నాడు."

"వానలో సరిగా వినపడలేదు నాకు."

"నాకు వినపడిందిగా, చెప్పాను కదా."

"వాళ్లు ఒప్పుకుంటే వచ్చే చోటైతే, రేపు వాళ్లకి ఒప్పుదల లేకపోతే పోతుంది." ఎదురుగాలి తెడ్డును బలంగా లాగింది. "నువ్వు లెక్క తప్పకుండా వెయ్యి. నాతోపాటు. ఒకటి."

మరదలు తెడ్డు ముంచింది. రాతిగోడ కొస దాటగానే మొదటి అల పడవ ముందుకొసను ఎత్తింది. వీపుకు గాలి కొట్టుకుంటోంది. కళ్ల ముందు రేవు, వాలు, మనుషులు అన్నీ చిన్నవవుతున్నాయి. నీటి అంచున గొడుగు ఇంకా ఊగుతూనే ఉంది. ఎదురుగాలి దాన్ని తిన్నగా చూస్తూ, రెండు కాళ్లూ అడ్డచెక్కకు తన్నిపెట్టి, తెడ్డు వేసింది.